జేబులో లేని తాళంచెవి

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషికి తోటి పనివాళ్లు పెట్టిన పేరు జేబు మేస్త్రి. లిఫ్టు అడుగున గుంతలోకి దిగే ముందు అతను కరెంటు ఆపేవాడు, స్విచ్చుకు తాళం వేసేవాడు, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని పైనుంచి అరచేత్తో తట్టి చూసుకునేవాడు. తట్టాకే దిగేవాడు. "చెవి నా జేబులో ఉన్నంతసేపూ లిఫ్టు నా చెప్పుచేతల్లో ఉంటుంది. ఇంకొకడి చేతిలో ఉంటే నేను వాడి చెప్పుచేతల్లో ఉంటాను" అనేవాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. నవ్వుకోవడానికి పెట్టిన పేరే అయినా అతనికది బిరుదులా నచ్చింది.

ఇంట్లోనూ అదే వరస. గ్యాసు కట్టేశారా, తలుపు గడియ పడిందా, స్టూలు కాలు ఊగుతోందా అని చూసుకోనిదే అతనికి నిద్ర పట్టేది కాదు. "ఈయన నిద్రలో పక్కకు తిరగాలన్నా ముందు మంచం కోళ్లు చూసుకుంటారు" అని భార్య చుట్టాలతో చెప్పి నవ్వించేది.

రాకెట్ల పిచ్చి అతనికి నడివయసు దాటాక పట్టుకుంది. పళ్ల డాక్టరు ఒకాయన ఆసుపత్రిలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్లినప్పుడు ఆయన బల్లమీద మోచేతి పొడుగు రాకెట్టు ఒకటి కనిపించింది. ఆడుకునే బొమ్మ అనుకున్నాడు. బొమ్మ కాదని, నిజంగానే ఎగురుతుందని, తనలాంటి వాళ్లు కొందరు ఆదివారాలు ఊరిచివర ఎగరేస్తుంటారని, వచ్చి చూడమని డాక్టరు అన్నాడు. ఇటుకల బట్టీ మూతపడ్డాక మిగిలిపోయిన మైదానం అది. మేస్త్రి వెళ్లాడు. చుయ్యిమని శబ్దం వచ్చింది, తలెత్తేలోపు ఆ బొమ్మ చుక్కంత అయింది. జీవితమంతా తాళ్లు పట్టుకుని వస్తువుల్ని పైకీ కిందికీ నడిపిన మనిషి. తాడు లేకుండా పైకి వెళ్లిన వస్తువును అంత దగ్గరగా చూడటం అతనికదే మొదలు. మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తూ నిలబడ్డాడు.

అది పెద్ద యంత్రమేమీ కాదు. అట్టగొట్టం, పలచని చెక్క రెక్కలు, ముక్కుకు ఒక టోపీ. అడుగున షాపులో దొరికే చిన్న మోటారు, అంటే కాగితపు గొట్టంలో దట్టించిన మందు. దాని నోట్లో సన్నని తీగ పెట్టి, ఆ తీగకు రెండు క్లిప్పులు తగిలిస్తారు. క్లిప్పుల నుంచి పొడుగాటి వైరు దూరంగా ఉన్న ఒక పెట్టె దాకా వస్తుంది. పెట్టెలో తాళంచెవి పెట్టి తిప్పి, బటన్ నొక్కితే తీగ ఎర్రగా కాలి మందు అంటుకుంటుంది. నిలువుగా పాతిన కడ్డీ వెంట రాకెట్టు జారి పైకి లేస్తుంది. పైన పొట్ట విచ్చుకుని పారాచూట్ బయటపడి మెల్లగా దిగుతుంది. ఆ పెట్టె తయారుచేసింది రేడియోలు బాగుచేసే ఒకాయన. అందరూ ఆయన్ని రేడియో అనే పిలిచేవారు.

ఆ క్లబ్బులో జాగ్రత్తలు చూసుకునే బాధ్యత మేస్త్రికి ఎవరూ అప్పగించలేదు. ఏడాది తిరక్కుండా దానంతటదే అతని మీదికి వచ్చింది. రేడియో పెట్టెలో తాళంచెవి ఉందని తెలిసిన రోజున అతని మొహం వెలిగిపోయింది. "ఇది నా విద్యే!" అన్నాడు. కడ్డీ దగ్గరికి వెళ్లేవాళ్ల జేబులోనే చెవి ఉండాలన్నాడు. బటన్ నొక్కినా రాకెట్టు లేవకపోతే చెవి పీకి, నిండా నిమిషం ఆగి, అప్పుడే దగ్గరికి వెళ్లాలన్నాడు. గాలి గట్టిగా వీస్తే ఆట కట్టు. దిగివచ్చే రాకెట్టుకు ఎవరూ చేతులు చాపకూడదు. కరెంటు తీగల మీద పడిందా, దానికి నీళ్లొదులుకోవాలి. ఎండాకాలంలో గడ్డి అంటుకోకుండా ఒకరు తడిగోనెలు పట్టుకుని పక్కన కాపలా ఉండాలి. అన్నీ మంచి మాటలే. చెప్పే తీరే వేరుగా ఉండేది. ఎవరైనా తప్పటడుగు వేస్తే మైదానం అవతల మేకలు కూడా తలెత్తి చూసేలా అరిచేవాడు.

ఆ అరుపు పూర్తిగా తిన్నది బస్సు డ్రైవరమ్మ. ఆవిడ ఊళ్లో సిటీ బస్సు నడుపుతుంది. నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ, చేతిపని శుభ్రంగా ఉంటుంది. ఒక ఆదివారం ఆవిడ రాకెట్టు లేవలేదు. ఆవిడ చెవి పీకి జేబులో వేసుకుంది గానీ, ఆలోచనలో పడి నిమిషం ఆగడం మరిచి కడ్డీ వైపు నాలుగడుగులు వేసింది.

"ఆగు!" అని మేస్త్రి గర్జించాడు. "ఎక్కడికమ్మా పోతున్నావ్? వెళ్లి దాని నోట్లో తల పెడతావా? బస్సు కూడా ఇలాగే నడుపుతున్నావా? నీ బస్సెక్కేవాళ్లు ఇంట్లో చెప్పి రావాలి!"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఆవిడ మొహం కందిపోయింది. "తప్పయిపోయింది మేస్త్రిగారూ, మరిచిపోయాను" అంది.

"మరిచిపోయానంటే సరిపోతుందా? ఇవాళ్టికి చాలు. వెళ్లి ఆ కారు దగ్గర కూర్చో."

ఆవిడ సాయంత్రం దాకా కారు నీడలో కూర్చుంది. ఆ రాత్రి భోజనం దగ్గర మేస్త్రి ఈ సంగతి గొప్పగా చెప్పాడు.

"పాపం, అందరి ముందూ అన్నారా?" అంది భార్య.

"అందరి ముందూ అంటేనే జన్మలో మరిచిపోదు."

డ్రైవరమ్మ క్లబ్బు మానలేదు. తర్వాతి ఆదివారం కూడా వచ్చింది. తడిగోనెల కాపలా ఎవరుంటారంటే తనే చెయ్యెత్తింది. తన మాట పనిచేసిందని మేస్త్రి అనుకున్నాడు.

మరుసటి ఏడు మేస్త్రి కూతురికి పెళ్లయింది. వియ్యంకుడికి మంచాలు, బల్లలు, కుర్చీలు అమ్మే పెద్ద షాపుంది. నోట్లో మాట ఆగని మనిషి, చమత్కారం అతికించనిదే ఏ మాటా వదలడు. మేస్త్రికి ఆయనంటే గౌరవమూ ఉంది, ఆయన ముందు కాస్త బెరుకూ ఉంది. పెళ్లిలో ఎవరో "అమ్మాయి నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే, "మా బావగారా? మనుషుల్ని పైకి తీసుకొస్తారు" అని ఆయన అందర్నీ నవ్వించాడు. మేస్త్రి కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక ఆ మాట మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకోలేక చాలాసేపు మేలుకుని ఉన్నాడు.

అందుకే "బావగారూ, మీ రాకెట్లు చూపించరా?" అని వియ్యంకుడు అడిగినప్పుడు మేస్త్రి ఉప్పొంగిపోయాడు. తన చేతులతో చేసుకున్న వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని ముస్తాబు చేశాడు. నిలబెడితే నడుం దాకా వస్తుంది. ఎర్రరంగు మీద పాలిష్ పెట్టి అద్దంలా చేశాడు.

ఆ ఆదివారం కూతురు, అల్లుడు, వియ్యంకుడు, ఆయన భార్య కారు దిగారు. ఎండ తీక్షణంగా ఉంది, గడ్డి ఎండి పెళపెళమంటోంది. డ్రైవరమ్మ తడిగోనెలతో కడ్డీకి ఒక పక్కగా, దూరంగా నిలబడింది. అంతకు ముందు ఎగిరిన రాకెట్టు ఒకటి గాలికి కొట్టుకుపోతే దాన్ని వెతకడానికి రేడియో, పళ్ల డాక్టరు, మిగిలిన ఒకరిద్దరూ మైదానం చివరికి వెళ్లారు. పెట్టె దగ్గర మేస్త్రి, అతని చుట్టాలు మాత్రమే ఉన్నారు.

మేస్త్రి చుట్టాల్ని హద్దుగా కట్టిన తాడు వెనక నిలబెట్టి జాగ్రత్తలన్నీ వల్లించాడు. "అయ్యబాబోయ్" అన్నాడు వియ్యంకుడు, "కాళ్లు విరిగిన మంచం అమ్మేటప్పుడు కూడా నేనిన్ని జాగ్రత్తలు చెప్పను బావగారూ." అందరూ నవ్వారు. మేస్త్రి చెవి పెట్టి తిప్పాడు. అయిదు నుంచి కిందికి లెక్కపెట్టి బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్లీ బలంగా నొక్కాడు. ఎర్ర రాకెట్టు కడ్డీకి ఆనుకుని కదలకుండా నిలబడింది.

"తుస్సు!" అన్నాడు వియ్యంకుడు. తర్వాత గొంతు పెంచి, "లిఫ్టు ఆగిపోయింది బావగారూ, మేస్త్రిని పిలిపించండి!" అన్నాడు.

ఆయన భార్య నవ్వింది. అల్లుడు నవ్వాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ భుజాలు కదులుతున్నాయి. అది కనపడగానే మేస్త్రికి చెవుల దాకా రక్తం పొంగింది. క్లిప్పులు సరిగ్గా తగిలితే వెలగాల్సిన పెట్టె మీది దీపం వెలగడం లేదు. అంటే అక్కడ క్లిప్పు వదులైందన్నమాట. చిటికెలో పని. నొక్కి వచ్చేస్తే చాలు. ఎవరైనా ఇంకొకరు అదే పని చేయబోతే అతనెంత అరిచేవాడో! ఇప్పుడు అరిచేవాళ్లు లేరు. అతను తాడు దాటి కడ్డీ వైపు నడిచాడు.

పక్కనుంచి చూస్తున్న డ్రైవరమ్మకు మొదట అర్థం కాలేదు. మేస్త్రి కడ్డీ వైపు వెళ్తుంటే చెయ్యి తప్పకుండా జేబు మీదికి పోతుంది. ఆ రోజు పోలేదు.

"మేస్త్రిగారూ, చెవి!" అని అరిచింది. అతను వినిపించుకోనట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ పెట్టె వైపు తిరిగి, "తాళం! తాళం తీసేయండి!" అని వియ్యంకుడికి కేక పెట్టింది. ఆయన కంగారుపడి తన జేబులు తడుముకున్నాడు. కారు తాళం ఎక్కడో పడేసుకున్నానని చెబుతోంది కాబోలు అనుకున్నాడు. పెట్టె ఆవిడకు దూరం, మేస్త్రి దగ్గర. ఆవిడ మేస్త్రి వైపు పరుగెత్తింది.

అతను కడ్డీ ముందు మోకాళ్ల మీద కూర్చుని రాకెట్టు కిందికి తల వంచాడు. అనుకున్నట్టే క్లిప్పు ఒకటి జారింది. అతనికి తెలియనిది ఇంకొకటుంది. బలంగా నొక్కిన బటన్ దుమ్ము పట్టి పైకి రాకుండా లోపలే ఇరుక్కుపోయింది. చెవి పెట్టెలోనే ఉంది. అతను క్లిప్పు నొక్కబోతుండగా డ్రైవరమ్మ కుడిచెయ్యి అతని మొహం ముందు నుంచి వచ్చి కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. క్లిప్పు తీగను తాకింది.

మంట ఆవిడ చేతి మీదుగా పోయింది. మేస్త్రి వెల్లకిలా పడ్డాడు. పొగ, గంధకం వాసన. ఎర్ర రాకెట్టు తిన్నగా, ఏ వంకా లేకుండా, అతను ఏనాడూ చూడనంత అందంగా ఆకాశంలోకి దూసుకుపోయింది.

వెనకనుంచి చప్పట్లు వినపడ్డాయి. "శభాష్ బావగారూ!" అంటున్నాడు వియ్యంకుడు.

డ్రైవరమ్మ అరవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, తడిగోనెను కుడిచేతి మీదికి లాక్కుని, పళ్లు బిగబట్టి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. మేస్త్రి ఆవిడ పక్కకు పాకాడు. ఏం చేయాలో అతనికి తెలుసు, అందరికీ నేర్పినవాడే. కానీ చేతులు ఆడలేదు. ఆవిడే, "నీళ్లు... ఆ డబ్బాలో నీళ్లు పొయ్యండి, ఆపకుండా పొయ్యండి" అని చెప్పాల్సి వచ్చింది.

రేడియో ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. ఆవిడను చూశాడు, పెట్టె చూశాడు, పెట్టెలో ఉన్న చెవిని చూశాడు. దాన్ని పీకి మేస్త్రి చేతిలో పెట్టాడు. అప్పటికి డాక్టరూ మిగిలినవాళ్లూ వచ్చారు. "బటన్ ఇరుక్కుపోయింది. నా తప్పే. పెట్టె నేను చేసిందే" అన్నాడు రేడియో.

మేస్త్రి నోరు తెరిచాడు. కూతురు ఏడుస్తూ అతని మొహం తుడుస్తోంది. వియ్యంకుడు "ప్రాణం మీదికొచ్చింది కదండీ" అంటున్నాడు. మేస్త్రి నోరు మూసుకున్నాడు. చెవిని జేబులో వేసుకున్నాడు.

ఆసుపత్రిలోనూ అదే మాట. ఎలా జరిగిందని అక్కడి డాక్టరు అడిగితే "మిషన్ లోపమండీ" అని రేడియో చెప్పాడు. చేతి వెనకవైపు, మణికట్టు దాకా చర్మం ఊడిపోయింది. మానుతుంది గానీ కొన్నాళ్లు స్టీరింగు పట్టుకోవడం కుదరదన్నారు. డ్రైవరమ్మ మంచం మీదినుంచి మేస్త్రి వైపు ఒకసారి చూసింది. అతను గోడ మీది గడియారం వైపు చూశాడు.

ఆ తర్వాత వారాలు అతనికి నరకంగా గడిచాయి. క్లబ్బువాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి "మీ తప్పేముంది మేస్త్రిగారూ, బటన్ అలా చేస్తే ఎవరేం చేస్తారు" అన్నారు. ప్రతి మాటకూ "ఆఁ, ఆఁ" అన్నాడు. రేడియో కొత్త బటన్ కొని పెట్టెకు బిగించాడని తెలిసింది. ఆ మంచి మనిషి మీద నెపం పెట్టి తను హాయిగా అన్నం తింటున్నానని అనిపించి ముద్ద దిగేది కాదు. భార్య చొక్కా ఉతకబోతూ జేబులో చెవి చూసి, బల్ల మీద అతని కళ్లజోడు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

పనిలోకి వెళ్తే అక్కడ ఇంకో రకం బాధ. గుంతలోకి దిగే ముందు అలవాటుగా జేబు తట్టుకునేసరికి పక్కనున్నవాళ్లు "అదిగో, మన జేబు మేస్త్రి!" అని ముచ్చటగా నవ్వారు. అతనికి చెంపమీద కొట్టినట్టయింది. అప్పటినుంచి లిఫ్టు చెవిని ప్యాంటు జేబులో వేసుకుని, ఎవరూ చూడకుండా తడుముకోవడం మొదలుపెట్టాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వియ్యంకుడి ఇంట్లో తగిలింది. ఆయన పెద్దకూతురి కొడుకు పుట్టినరోజుకు పదిమంది చేరారు. వియ్యంకుడు మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి కథ ఎత్తుకున్నాడు. "మిషన్ పాడైంది. అందరం బిక్కచచ్చిపోయాం. మా బావగారు ఒక్కరే ప్రాణాలకు తెగించి దాని దగ్గరికి వెళ్లారు. ఆ ఆవిడేమో పాపం అడ్డం వచ్చి చెయ్యి కాల్చుకుంది." అందరూ మేస్త్రి వైపు మెచ్చుకోలుగా చూశారు. అడ్డం వచ్చిందట! భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పుడు కూడా అతను నిజం చెప్పలేదు. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, అద్దం వైపు చూడకుండా కాసేపు నిలబడి వచ్చాడు.

మరునాడు డ్యూటీ దిగాక తిన్నగా డ్రైవరమ్మ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన ఆవిడ భర్త "రండి" అన్నాడంతే, కూర్చోమనలేదు. లోపల గదిలో అత్తగారు ఆవిడకు తల దువ్వుతోంది. కుడిచెయ్యి కట్టుతో ఒళ్లో పెట్టుకుని, తన జడ తను వేసుకోలేక చిన్నపిల్లలా కూర్చుంది ఆవిడ.

"అమ్మా, నన్ను క్షమించు" అన్నాడు మేస్త్రి. దారిపొడుగునా మనసులో కూర్చుకున్న మాటల్లో ఇదొక్కటే మిగిలింది.

"కూర్చోండి మేస్త్రిగారూ. క్షమించడం సంగతి తర్వాత. పడుకుంటే నాకు ఒకటే ఆలోచన. మీరెందుకు వెళ్లారు?"

"బటన్ ఇరుక్కుపోయింది కదమ్మా..."

"బటన్ సంగతి కాదు. చెవి తీయకుండా, నిమిషం ఆగకుండా మీరెందుకు వెళ్లారని. తెలియక కాదుగా? మాకు నేర్పిందే మీరు."

"గాలి పెరుగుతోంది. పొద్దుపోయేలోపు ఎగరేద్దామని..."

"అది మిట్టమధ్యాహ్నం మేస్త్రిగారూ."

అత్తగారి చేతిలో దువ్వెన ఆగిపోయింది. మేస్త్రి నేల వైపు చూశాడు. చివరికి, "మా బావగారు నవ్వారు" అన్నాడు. తల ఎత్తకుండానే, "మా అమ్మాయి కూడా నవ్వింది" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

ఆవిడ కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకుంది. "ఇందుకా నా చెయ్యి కాలింది?" అంది, నెమ్మదిగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

అరిచినా బాగుండేది. తనలాగా పదిమందిలో నిలబెట్టి కడిగేసినా తట్టుకునేవాడు. కళ్ల నీళ్లు వస్తుంటే, ఆవిడ ముందు ఏడవడం కూడా ఆవిడ మీద వేసే ఇంకో బరువేననిపించి బిగబట్టుకున్నాడు.

అప్పుడు ఆవిడే అంది. "ఈ మాట అక్కడ చెప్పండి. లేకపోతే కొత్త బటన్ వేసుకుని అందరూ ఊరుకుంటారు. రేపు ఇంకెవరో ఇంకెవరి నవ్వుకో వెళ్తారు. వాళ్లను కొత్త బటన్ ఆపదు."

ఆ వారం రేడియో షాపు వెనక గదిలో అందరూ కలిశారు. విప్పిన రేడియోల మధ్య స్టూళ్ల మీద, అట్టపెట్టెల మీద సర్దుకుని కూర్చున్నారు. డ్రైవరమ్మ తలుపు దగ్గర కూర్చుంది. మేస్త్రి లేచి నిలబడి చెప్పాడు. చెవి పెట్టెలోనే వదిలేశానన్నాడు. నిమిషం ఆగలేదన్నాడు. చుట్టాలు నవ్వితే ఉక్రోషం వచ్చి వెళ్లానన్నాడు. రేడియో నన్ను కాపాడితే నోరు మూసుకుని ఊరుకున్నానన్నాడు. చెప్పడం అయ్యాక ఎక్కడ చూడాలో తెలియక, విరిగిన స్పీకరు ఒకటి ఉంటే దానివైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేనేం మిమ్మల్ని కాపాడలేదు మేస్త్రిగారూ" అన్నాడు రేడియో. "ఆ బటన్ ఇరుక్కుంటోందని నాకు ముందే తెలుసు. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ అలాగే చేస్తోంది."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే మీరు ఊరుకుంటారా? డ్రైవరమ్మను అన్నట్టు నన్నూ అంటారు. 'బటన్ సరిచేయడం చేతకానివాడివి రేడియోలేం బాగుచేస్తావ్' అని అందరి ముందూ అంటారు. మీరు అనకముందే ఆ మాట నా చెవుల్లో వినపడింది. గుట్టుగా మార్చేద్దామనుకున్నాను. ఇవాళా రేపా అంటూ గడిచిపోయింది."

ఆ తర్వాత పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి తన రాకెట్టు కరెంటు తీగల మీద చిక్కుకుందని, మేస్త్రి ఇంటికి వెళ్లేదాకా ఆగి, పొడుగాటి కర్రతో లాగి తీసుకున్నానని చెప్పాడు. "వాన వెలిసిన రోజండీ. కర్ర తడిగా ఉందో లేదో కూడా చూసుకోలేదు."

మేస్త్రి ఒంట్లో చలి పాకింది. వెంటనే పాత కోపం ఎగదన్నింది. "బుద్ధుందా మీకు..." అన్న మాట సగం బయటికి వచ్చేసింది. అందరూ అతని వైపు చూశారు. డాక్టరు తల దించుకున్నాడు. మేస్త్రి తన నోట్లోంచి వచ్చిన ఆ సగం మాటను విన్నాడు. ఈ గొంతే కదా వీళ్ల నోళ్లు కుట్టేసింది! తను అరిచిన ప్రతిసారీ మైదానం క్షేమంగా ఉందనుకున్నాడు. నిజానికి ఒక్కొక్కరూ తమ పొరపాట్లను అతనికి కనపడకుండా దాచుకోవడం నేర్చుకున్నారు. తెలియని ప్రమాదాల మధ్య, తెలిసినవాడినన్న ధీమాతో ఇన్నాళ్లూ తిరిగాడు. డ్రైవరమ్మ చెయ్యి ఆ ఒక్క మధ్యాహ్నం వల్లే కాలలేదని అప్పుడు అర్థమైంది.

"మీరు చెప్పండి డాక్టరుగారూ" అన్నాడు కూర్చుంటూ. "నేనేమీ అనను."

ఆ రోజునుంచి జాగ్రత్తలు చూసే బాధ్యత తనకొద్దన్నాడు. ఎవరూ బతిమాలలేదు. అది కూడా గుచ్చుకుంది. డ్రైవరమ్మ పేరు రేడియో చెప్పాడు, అందరూ సరేనన్నారు.

ఇంకొక్కచోట చెప్పాల్సింది మిగిలింది. మేస్త్రి ఫర్నిచర్ షాపుకు వెళ్లి, కవర్లు తీయని సోఫా అంచున కూర్చుని వియ్యంకుడికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అంటే నా నవ్వుకి ఆవిడ చెయ్యి కాలిందంటారా?"

"కాదు బావగారూ. నవ్వింది మీరు, వెళ్లింది నేను. నన్ను వీరుణ్ణి చేసి పదిమందికీ చెప్పకండి. ఆవిడ అడ్డం రాలేదు. నన్ను లాగింది."

వియ్యంకుడు సోఫా కవరు అంచును వేళ్లతో మడిచాడు. తర్వాత, "ఆవిడ తాళం తాళం అని అరుస్తుంటే నేను కారు తాళం వెతుక్కున్నానండీ" అన్నాడు. ఆ మాటలో చమత్కారం లేదు. ఆయన కూడా ఆ వీరగాథ వెనక దాక్కుంటున్నాడని మేస్త్రికి అప్పుడు తెలిసింది.

దాంతో ఇద్దరూ దగ్గర కాలేదు. ఆయన తర్వాత చాలా నెలలు ముభావంగా ఉన్నాడు. నోరారా "బావగారూ" అనే మనిషి ఒట్టి "మీరు"తో సరిపెట్టేవాడు. కూతురు ఫోన్ చేసి, "ఎందుకు నాన్నా వెళ్లి చెప్పడం? నేను ఈ ఇంట్లో తిరగాలి కదా" అని ఏడ్చింది. అతను సర్దిచెప్పలేకపోయాడు. వియ్యంకుడి ఎగతాళికి ఇన్నాళ్లూ భయపడిన మేస్త్రి, ఆ ఎగతాళి లేకపోతే కూతురి ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

డ్రైవరమ్మ చెయ్యి మానింది. మళ్లీ బస్సెక్కింది. చిటికెన వేలు మాత్రం పూర్తిగా ముడవదు. మైదానంలో ఆవిడ పద్ధతి వేరు. ఆదివారం అందరూ చేరగానే, ఏ రాకెట్టూ బయటికి తీయకముందే, "పోయినసారి ఎవరివల్లైనా ఏదైనా పొరపాటు జరిగిందా?" అని అడుగుతుంది. మొదట్లో ఎవరూ పలికేవారు కాదు. అప్పుడు ఆవిడే, "నేను వైరు చుట్టకుండా వదిలేశాను, ఒకరి కాలికి తగులుకుంది" అని మొదలుపెట్టేది. ఇప్పుడు ఒకరిద్దరైనా చెబుతారు. ఆవిడ "మంచిది, చెప్పారు" అంటుంది. ఎవరినీ కారు దగ్గరికి పంపదు.

మేస్త్రి రాకెట్లు మానలేదు. కొంతకాలం మానేద్దామనుకున్నాడు గానీ, అది సిగ్గు నుంచి పారిపోవడమేనని భార్య అంటే ఆగిపోయాడు. మిగిలినవాళ్లతో పాటు తాడు వెనక నిలబడతాడు. కొత్తగా ఎవరైనా చేరితే డ్రైవరమ్మ వాళ్లకు నియమాలన్నీ చెప్పి, చివర్లో "మేస్త్రిగారితో ఒకసారి మాట్లాడండి" అని పంపిస్తుంది. అతను వాళ్లను పక్కకు తీసుకెళ్లి ఆ రోజు సంగతి మొదటినుంచి చెబుతాడు. వియ్యంకుడు ఏమన్నాడో, కూతురు భుజాలు ఎలా కదిలాయో, తను ఎందుకు వెళ్లాడో, తర్వాత ఎన్నాళ్లు నోరు మూసుకున్నాడో దాచకుండా చెబుతాడు. కొందరు ఇబ్బందిగా నవ్వుతారు. కొందరు "ఎవరికైనా జరుగుతుంది లెండి" అంటారు. "లేదు, నాకు జరగలేదు. నేను చేశాను" అని దిద్దుతాడు.

చెప్పగా చెప్పగా తేలికవుతుందని అతను అనుకున్నాడు. కాలేదు. ఇప్పటికీ "మా అమ్మాయి కూడా నవ్వింది" అన్నచోటికి వచ్చేసరికి మెడ దాకా వేడెక్కుతుంది, మాట తడబడుతుంది. కాసేపు ఆగి, ఎండలోకి చూసి, మళ్లీ అందుకుంటాడు.